కోలారు గనులలో మిగిలిన లెక్క

ఈ సంవత్సరపు సంచికకు మీ ప్రాంతమును గూర్చి యేదైన వ్రాయుడని మన సంఘమువారు కోరినప్పుడు, ఆలయములను గూర్చి వ్రాయుదునా, పండుగలను గూర్చి వ్రాయుదునా యని కొంత ఆలోచించితిని. ఆ విషయములను నాకంటె బాగుగ వ్రాయగల పెద్దలు మనలో పలువురు కలరు. నాకు బాగుగ తెలిసినది ఒక్కటే. అది కోలారు బంగారు గని. నేను పుట్టినది ఆ గని ప్రక్కనున్న కూలీల లైన్లలో. ఇరువదేండ్లు హాజరు పట్టీలు వ్రాసినది ఆ గని కచేరిలో. మా తాతయు, మా నాయనయు గనిలోనికి దిగినవారు. నేను మెట్రిక్యులేషను ప్యాసైన కారణమున పైననే కుర్చీలో కూర్చుండి, దిగినవారి పేర్లు వ్రాసితిని. కావున దీనిని పండితుని వ్యాసముగా గాక, ఒక గుమస్తా అప్పగించు లెక్కగా పాఠక మహాశయులు గ్రహింపగోరెదను.

బెంగుళూరునకు తూర్పుగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఈ గనులున్నవి. బంగారుపేటలో రైలు మారి, కోరమాండలు, ఊరిగాము, ఛాంపియను స్టేషనులు దాటి మారికుప్పము చేరవచ్చును. ఈ శాఖామార్గము 1894లో గనుల కొరకే వేయబడినది. బంగారుపేటకు పూర్వనామము బౌరింగుపేట. రైలు కిటికీనుండి చూచువారికి మొదట కానవచ్చునవి కొండలవలె నున్న బూడిదవన్నె దిబ్బలు. క్రొత్తవారు వానిని సహజమైన గుట్టలే యనుకొందురు. అవి భూమిలోనుండి తీసిన రాతిని పిండిగా దంచి, బంగారము తీసికొని, మిగిలిన మన్నును పోసిన రాశులు. మావారు వానిని సైనైడు దిబ్బలందురు. వానికి కొంచెము ఆవల తుప్పుపట్టిన షాఫ్టు గోపురములు, చక్రము తిరుగని యంత్రశాలలు నిలిచియున్నవి. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీతో ఇక్కడి గనిపని ఆగినది.

ముందుగా రాతిని గూర్చి చెప్పవలెను. ఏలననగా మనుష్యుల చరిత్ర ఇక్కడ రెండువందల యేండ్లదైన, రాతి చరిత్ర సుమారు 270 కోట్ల సంవత్సరములది. దక్షిణాపథమున మన కాళ్ళక్రింద విస్తారముగ నున్నది నైసు అను పట్టెల రాయి. దాని నడుమ అక్కడక్కడ నల్లని, ఆకుపచ్చ ఛాయగల ఇరుకైన రాతిబద్దలు ఇమిడియున్నవి. కోలారు రాతిబద్ద అట్టివానిలో ఒకటి. ఉత్తర దక్షిణములుగ దాని పొడవు సుమారు 80 కిలోమీటర్లు. వెడల్పు నాలుగైదు కిలోమీటర్లే. ఈ నల్లరాయి మొదట లావా. అది నీటియడుగున ఉబికి, చల్లారుచు, దిండ్లవలె ఉండలుగట్టినదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. గనులకు సమీపమున పెద్దపల్లియను చోట అట్టి దిండ్ల లావాను, అగ్నిపర్వతపు తునుకలు కూడి గట్టిపడిన రాతిని భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు జాతీయ స్మారకముగ గుర్తించియున్నారు. ఊరి పేరు తెలుగు పేరే యని పాఠకులు గమనింపవలెను. కోలారు జిల్లా తూర్పు తాలూకాలలో ఇట్టి తెలుగు ఊరిపేర్లు అడుగడుగునకు కలవు.

కాలక్రమమున ఈ లావారాయి భూమి ఒత్తిడికి మడతలుపడి, కాగి, హార్న్‌బ్లెండు షిస్టు అను గట్టిరాయిగ మారినది. ఆ మడతలలో చీలికలేర్పడినవి. అడుగునుండి వచ్చిన వేడినీరు ఆ చీలికలగుండ ప్రవహించుచు, తనలో కరిగియున్న సిలికాను విడిచినది. అదే తెల్లని పలుగురాయి. దానితోపాటు కంటికి కనబడని పరిమాణమున బంగారమును విడిచినది. ఇట్టి పలుగురాతి సిరలు ఇక్కడ అనేకములున్నను, వానిలో ప్రధానమైనది ఛాంపియను లోడు. అది కొన్ని కిలోమీటర్ల పొడవున సాగి, పడమటికి వాలి, లోతునకు పోవుకొలది నిట్టనిలువుగ దిగును. దాని వెడల్పు పెక్కుచోట్ల మూడు నాలుగడుగులే. ఆ కొద్ది అడుగుల రాతిని వెంబడించియే మనుష్యులు భూమిలోనికి మూడు కిలోమీటర్లకు మించి దిగిరి.

ఈ బద్దలో బంగారపు రాయియే గాక ఇనుపరాయియు కలదు. పలుగురాతి పొరయు, ఇనుప పొరయు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నల్లగ, ఎఱ్ఱగ చారలుగల గట్టిరాయి అది. ఎండకు వానకు మెత్తని రాళ్ళు అరిగిపోగ, ఇది మాత్రము అరుగక గుట్టల వెన్నుగ నిలిచినది. దక్షిణమున ఈ రాతిబద్ద రాష్ట్రపు ఎల్లలను లెక్కచేయక చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమున ప్రవేశించును. అక్కడి చిగురుగుంట, బిసానత్తము, మల్లప్పకొండ ప్రాంతములందును బంగారపు రాయి కలదు. చిగురుగుంట, బిసానత్తము గనులు కొంతకాలము కోలారు గనుల యాజమాన్యము క్రిందనే నడచినవి. 1956లో భాషను బట్టి రాష్ట్రములు విభజింపబడినవి గాని, రాతికి ఆ విభజన తెలియదు. రాతిని నమ్ముకొని వచ్చినవారికిని ఆ కాలమున అంతగ తెలియదు.

మనుష్యుల చరిత్రకు వత్తును. పూర్వులు ఇక్కడ బంగారము త్రవ్విన జాడలు పాత గోతులరూపమున ఆధునికుల కంటబడినవి. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప మైసూరు తూర్పు సరిహద్దును కొలుచుటకు జాన్ వారెన్ అను లెఫ్టినెంటు నియమింపబడెను. 1802లో అతడు ఈ ప్రాంతమున బంగారమున్నదను వదంతిని విని, చూపినవారికి బహుమానమిత్తునని చాటించెనట. అప్పుడు గ్రామస్థులు ఎద్దుబండిమీద మన్ను తెచ్చి, అతని ఎదుట కడిగి, అడుగున మిగిలిన బంగారపు రేణువులను చూపిరి. ఊరిగాము, మారికుప్పముల దగ్గర జనులు గోతులలో దిగి, రాతి తునుకలను బుట్టలలో చేతినుండి చేతికి అందించుకొనుచు పైకి తెచ్చుటయు, ఆడువారు ఆ రాతిని బండపై దంచి నూరుటయు అతడు చూచి వ్రాసెను. అనగా దొరలు ఈ బంగారమును కనుగొనలేదు. దానిని చూపినవారి పేర్లు వ్రాసికొనలేదు. ప్రమాదములు జరుగుచున్నవని 1859లో ప్రభుత్వము ఆ ప్రాతరీతి త్రవ్వకమును నిషేధించినది.

1871లో మైకేలు లావెల్ అను ఐరిష్ సైనికుడు, న్యూజిలాండు యుద్ధములనుండి విరమించి బెంగుళూరున నివసించుచు, వారెన్ వ్రాసిన వ్యాసమును చదివి, ఎద్దుబండిలో కోలారునకు వచ్చెను. 1873లో మైసూరు ప్రభుత్వమునకు అర్జీ పెట్టి, పిదప త్రవ్వుటకు అనుమతి సంపాదించెను. కాని అతనివద్ద తగినంత ధనము లేకుండెను. ఆ హక్కు 1877లో చేతులు మారినది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించిరి. కొన్ని సంవత్సరములు త్రవ్వినను లాభము కనబడక, వాటాదారులు విసిగియుండగ, 1880వ దశకపు నడుమ కెప్టెన్ ప్లమ్మర్ పర్యవేక్షణమున ఛాంపియను లోడు దొరికినది. అక్కడినుండి కథ మారినది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతపు గని నిపుణులు వచ్చిరి. బంగళాలు, క్లబ్బు, చర్చి, గడ్డిమైదానములు వెలసినవి. కూలీలకు వరుసగ తడికె గుడిసెల లైన్లు వెలసినవి.

ఈ గనుల కొరకు జరిగిన పనులు కొన్ని దేశమునకే క్రొత్తవి. కావేరి నదిపై శివసముద్రము జలపాతమున విద్యుచ్ఛక్తిని పుట్టించి, సుమారు 92 మైళ్ళ తీగె లాగి, 1902లో ఈ గనులకు తెచ్చిరి. ఆ కాలమున ప్రపంచమునందే అంత దూరము విద్యుత్తును పంపిన తీగెలు బహు స్వల్పము. బెంగుళూరు నగర వీధులకు విద్యుద్దీపములు వచ్చినది 1905లో. అంతకు మూడేండ్లు ముందే మా గనులలో యంత్రములు ఆ శక్తితో తిరిగినవి. నీటికొరకు పాలారు నదిపైనున్న బేతమంగళము చెరువునుండి గొట్టములు వేసిరి.

ఈ పని యంతయు చేయుటకు మనుష్యులు కావలెను గదా. ఇరువదవ శతాబ్ది మొదట ఈ గనులలో 30 వేల మంది వరకు పనిచేయుచుండిరి. వారిలో పెక్కుమంది తమిళులు. తరువాత చెప్పదగినవారు మన తెలుగువారు. చిత్తూరు, నెల్లూరు, అనంతపురము, కడప ప్రాంతములనుండి కరవులకు తాళలేక కొందరు, అప్పులు తీర్చుటకు కొందరు, మేస్త్రీ ఇచ్చిన బయానా తీసికొని కొందరు వచ్చిరి. మా తాత ఎండిన చెరువును, అమ్మిన ఎద్దులను విడిచి వచ్చినట్లు మా అవ్వ చెప్పుచుండెడిది. "రెండేండ్లు పని చేసి, ఎద్దులు కొనుక్కొని పోతాం" అని ఆయన అన్నాడట. ఆయన సమాధి మారికుప్పము దారిలో నున్నది.

ఇచట పాతపట్టీలను చూచిన గుమస్తాగ నాకు తోచిన విషయ మొకటి మనవి చేసికొందును. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకుముందు ఆ తాలూకాలు పెక్కు ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెడివి. ఆ కాలమున పనిలో చేరిన తెలుగువానికి పట్టీలో స్వస్థలము "ఉత్తర ఆర్కాటు" అని వ్రాసిరి. జిల్లా పేరు తరువాత మారినను పట్టీ మారలేదు. ఆ మాటను నేడు చూచువారు ఆ మనుష్యుని తమిళుడనియే తలంతురు. ఇంకొకటి ఏమనగా, మనవారిని ఇంటిపేరుతో గుర్తించుట మన ఆచారము. కాని పట్టీలో ఇంటిపేరునకు గడి లేదు. పేరు, తండ్రిపేరు, జిల్లా, సంఖ్య - ఇవియే గళ్ళు. రెండు తరములు గడచుసరికి తండ్రిపేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్ అయి కూర్చున్నది. ఇంటిపేరు ఇంటిలోనే మరుగుపడినది. ఎవరును కావలెనని చేసిన అపకారము కాదిది. గడి లేనిదానిని గుమస్తా వ్రాయడు. వ్రాయనిదానిని మనుమడు ఎరుగడు.

సంఖ్యగ మారుటను ఆ కాలపు కార్మికులు ఊరకే సహింపలేదు. 1930లో వ్రేలిముద్రలు తీసికొని అందరిని నమోదు చేయవలెనను ఏర్పాటునకు వ్యతిరేకముగ వేలాది కార్మికులు పని మానివేసిరి. ముద్దాయీలవలె తమచేత ముద్రలు వేయించుటను వారు అవమానముగ నెంచిరి.

లోపలి పని యెట్టిదో క్లుప్తముగ చెప్పెదను. అడుగు అంతస్తులను చేరుటకు ఒక షాఫ్టు చాలదు. కేజీలో ఒక షాఫ్టు దిగి, సొరంగమున నడచి, మరియొక షాఫ్టున మరల దిగవలెను. ఛాంపియను రీఫు గని సుమారు 3,200 మీటర్ల లోతునకు చేరినది. ఒకప్పుడు ప్రపంచమున అత్యంత లోతైన గనులలో నొకటి. ఆ లోతున రాతివేడి 60 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడియుండెడిది. చల్లనిగాలిని యంత్రములచే లోనికి త్రోసినను, గోచితో పనిచేయు మనిషి చెమటతో తడిసి ముద్దయ్యెడివాడు. ఇంక రాతిప్రేలుడు. త్రవ్విన ఖాళీచుట్టును రాయి కోట్లాది టన్నుల బరువును మోయుచు, ఒకనాడు తాళలేక ఫిరంగివలె పగిలి ఎగురును. మావారు దానిని ఎయిర్‌బ్లాస్టు అనెడివారు. అది జరిగిన రాత్రి మా లైన్లలో గిన్నెలు మ్రోగెడివి. ఆడువారు లాంతర్లతో షాఫ్టు దగ్గరకు పరుగిడెడివారు. ఎవరిని పిలువవలెనో, ఎవరి పేరు వినబడకూడదో వారికి తెలియదు. అట్లే నిలుచుండెడివారు.

ప్రేలుడుకంటె నెమ్మదిగ వచ్చిన మృత్యువు రాతిధూళి. పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో చేరి గడ్డకట్టుటను సిలికోసిస్ అందురు. 1940 మొదలు 1946 వరకు ఈ గనులలో 7,653 మందిని వైద్యులు పరీక్షింపగ నూటికి 43 మందికి మించి ఆ వ్యాధి కనబడినది. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చిన మొదటి వైద్య నివేదికలలో ఇది ముఖ్యమైనది. అనగా, తరువాత దేశమంతట గని కార్మికులకు దొరికిన వైద్య రక్షణమునకు మూలమైన విజ్ఞానము మా వీధులవారి దగ్గులోనుండి పుట్టినదని చెప్పవచ్చును.

ఈ లోతువలన లోకమునకు కలిగిన మరియొక లాభము కలదు. అంతరిక్షమునుండి నిరంతరము కురియు కిరణములను భూమి పొర అడ్డగించును. న్యూట్రినో అను అతిసూక్ష్మకణము మాత్రము దేనికిని అడ్డుపడక చొచ్చుకొని పోవును. దానిని పట్టుటకు లోతైన చోటు కావలెను. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్‌హం విశ్వవిద్యాలయములవారితో కలిసి, 2,300 మీటర్ల లోతున యంత్రములు నిలిపి, 1965లో వాతావరణములో పుట్టిన న్యూట్రినోల జాడను కనిపెట్టిరి. ప్రపంచమున ఆ కనుగొనుట మొదటివానిలో నొకటి. శాస్త్రజ్ఞులను ఆ లోతునకు దించిన కేజీని నడపినవారు, రాతిని చెక్కి గది చేసిన వారు మా లైన్లవారే.

తరువాతి కథ వేగముగ చెప్పవచ్చును. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వమునకు చేరినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. లోతు పెరుగుకొలది ఖర్చు పెరిగినది, రాతిలో బంగారము తరిగినది. మొదటి దశాబ్దములందు టన్ను రాతికి 40 గ్రాములకు మించి దొరికిన బంగారము, చివరి యేండ్లలో మూడు గ్రాములకంటె తక్కువైనది. 2001లో తుది సైరను మ్రోగినది. ఆ తరువాత పంపులు ఆగినవి. సుమారు 1,400 కిలోమీటర్ల పొడవుగల సొరంగములలోనికి నీరు ఎక్కినది. నీరు నిండు ఆ రోజులలోను అడుగున రాయి సర్దుకొనుచు భూమి అప్పుడప్పుడు కంపించినట్లు పరికరములు నమోదు చేసినవి.

ఇప్పుడు లెక్క. నూటఇరువది సంవత్సరములలో ఈ గనులనుండి సుమారు 5 కోట్ల 10 లక్షల టన్నుల రాయి బయటికి వచ్చినది. దానినుండి సుమారు 800 టన్నుల బంగారము దొరికినది. అనగా సగటున టన్నుకు 16 గ్రాములకు కొంచెము తక్కువ. బంగారము నీటికంటె 19 రెట్లకు పైగ బరువు. ఆ 800 టన్నులను ఒకచోట పోగుచేసినచో, పొడవు, వెడల్పు, ఎత్తు పదకొండున్నర అడుగులుగల ఒక్క గదిలో ఇముడును. మా లైన్లలో ఇల్లు అంతకంటె కొంచెము చిన్నది. ఒక శతాబ్దపు శ్రమ, 30 వేల కుటుంబముల రాకపోకలు, రెండు మైళ్ళ లోతు - ఇంతయు ఆ ఒక్క గదికొరకు. ఆ గది నేడెక్కడను లేదు. అది నాణెములై, నగలై, లండను బ్యాంకుల కడ్డీలై లోకమంతట చెదరిపోయినది. మాకు మిగిలినది రాతిపిండి.

ఆ రాతిపిండిని గూర్చియు తెలిసికొనవలెను. రాతిని దంచి, పాదరసముతో కొంత బంగారము తీసి, తక్కినదానిని సైనైడు ద్రావణములో నానవేసెడివారు. ఆ ద్రావణము బంగారమును కరగించుకొనును. జింకుపొడి వేసిన బంగారము మరల వేరగును. మిగిలిన బురదను బయట పోయగ పోయగ దిబ్బలైనవి. అందు సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పదార్థము కలదని అంచనా. దానిపై చెట్టు సులభముగ మొలవదు. గాలివీచు నెలలలో ఆ ధూళి ఇండ్లలో, బావులలో, అన్నపు కంచములలో పడును. మా ఇండ్ల ఆడువారు ఆరబెట్టిన వడియములపై తడిబట్ట కప్పుట ఇందువలననే. ఈ దిబ్బలలో టన్నుకు ఒక గ్రామైన లేని బంగారము మిగిలియున్నది. దానిని మరల తీయుటకై 13 దిబ్బలు, సుమారు 1,003 ఎకరముల విషయమున కేంద్రము చేసిన ప్రతిపాదనకు 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. ధూళి తగ్గి, పిల్లలకు పని దొరకినచో మంచిదే. మట్టిలో మిగిలిన గ్రాము బంగారమునకు విలువ కట్టువారు కలరు గదా యని సంతోషించితిని. మనుష్యులలో మిగిలినదానికి విలువ కట్టువారెవరని కూడ అప్పుడే అనుకొంటిని.

కొన్నేండ్ల క్రిందట బెంగుళూరునుండి ఒక యువకుడు నన్ను వెదకికొని వచ్చెను. కంపెనీలో ఉద్యోగి. అతని చేతిలో అరిగిపోయిన ఇత్తడి బిళ్ళ, ఒక పాత కాగితము ఉన్నవి. బిళ్ళపై సంఖ్య తప్ప వేరేమియు లేదు. కాగితమున అతని ముత్తాత పేరు, అతని తండ్రి పేరు, "ఉత్తర ఆర్కాటు" అను మాట ఉన్నవి. "అయ్యా, మేము ఇంట్లో తెలుగు మాట్లాడుతాము. కాని ఏ ఊరివాళ్ళమో మాకు తెలియదు. మీరు పట్టీలు వ్రాసినవారట గదా" అని అడిగెను. సంఖ్యనుబట్టి ఊరు తెలియుట అసాధ్యమని చెప్పితిని. అయినను ఊరకే పంపుటకు మనసొప్పక, మా లైనులో తొంబదియేండ్లు దాటిన పెద్దమ్మ వద్దకు తోడ్కొని పోయితిని.

ఆమె బిళ్ళను చేతితో తడిమి తిరిగి ఇచ్చివేసినది. "ఇది చూస్తే నాకేం తెలుస్తాది నాయనా? మీ ఇంట్లో పెండ్లికి ముందర ఏ దేవరకు మొక్కుకుంటారు? అది చెప్పు" అన్నది.

"గంగమ్మకు, అవ్వా. నా చిన్నతనంలో ఎండాకాలంలో రైలెక్కి కుప్పం జాతరకు పోయేవాళ్ళం."

"అట్ల చెప్పు! మీరు కుప్పం దిక్కోళ్ళు. మారికుప్పం లైన్లలో ఆ దిక్కోళ్ళు పది ఇండ్లు ఉండేవి. జాతర నాడు ఆ ఇండ్లకు తాళాలే."

రెండు నెలల తరువాత ఆ యువకుడు ఫోను చేసెను. కుప్పము చుట్టుపట్ల పల్లెలు తిరుగగ తిరుగగ, ఒకచోట ఒక వృద్ధుడు ఆ రెండు పేర్లు విని, "బంగారు గనికి పోయి రాని మా తాత తమ్ముడు" అన్నాడట. ఆ కుటుంబమువారి ఇంటిపేరు అతనికి అప్పుడు తెలిసినది. ఆ మాట చెప్పుచు అతడు ఫోనులో కొంతసేపు మాటాడలేకపోయెను. పెద్దమ్మ ఆ సంవత్సరమే కాలము చేసినది. ఆమెతో ఇంకెన్ని ఇండ్ల జాడ పోయినదో ఎవరు చెప్పగలరు?

భూగర్భశాస్త్రజ్ఞులు మా రాతిని గూర్చి అడుగడుగు కొలిచి వ్రాసియుంచిరి. కంపెనీలవారు బంగారమును ఔన్సుల లెక్కన వ్రాసియుంచిరి. వైద్యులు రోగమును నూటికిన్నియని వ్రాసియుంచిరి. వచ్చిన తెలుగువారెవరు, ఏయూరినుండి, ఏ కరవునకు, ఏ దేవరను వెంటబెట్టుకొని వచ్చిరి, అనునది మాత్రము ఏ పట్టీలోను లేదు. వృద్ధుల నోట మాత్రమే కలదు. నేడు మా పట్టణమునుండి తెల్లవారుజామున వేలమంది బెంగుళూరు రైలెక్కి పనికి పోయి రాత్రికి వచ్చుచున్నారు. వారి పిల్లలు కన్నడము, ఇంగ్లీషు చక్కగ చదువుచున్నారు. ఇది సంతోషింపదగినదే. మనము నివసించు రాష్ట్రపు భాషను గౌరవించి నేర్చుట మన ధర్మము. తమిళులతోను, కన్నడిగులతోను ఒకే కేజీలో దిగినవారికి భాషాద్వేషము ఎట్లు కలుగును? కాని తన ఊరిపేరును మరచుట మాత్రము ఏ భాషయందలి అభిమానమునకును అవసరము కాదు.

కావున మన సంఘ సభ్యులకు నా విన్నపము ఇది. కోలారులోనే గాక, షోలాపురపు మిల్లులకు, బరంపురమునకు, హోసూరు, సేలము ప్రాంతములకు మన పెద్దలు ఎట్లెట్లు వచ్చిరో, ఆయా ఇండ్లవారు ఒక తెల్ల కాగితముమీద వ్రాయవలెను. మొదట వచ్చినవారి పేరు, ఇంటిపేరు, విడిచివచ్చిన ఊరు, వచ్చిన సంవత్సరము, చేసిన పని, మొక్కుకొను దేవర, ఇంటిలో ఆ పనిని గూర్చి వాడిన మాటలు. ఏడు గళ్ళు చాలును. వ్రాత రానివారి నోటినుండి విని పిల్లలు వ్రాయవచ్చును. ఏది తెలియకున్న ఆ గడిని ఖాళీగ నుంచుడు. మరియొక ఇంటివారు దానిని నింపవచ్చును. అట్టి కాగితములను సంఘ కార్యాలయమున దాచి, వచ్చు సంచికలలో కొన్నింటినైన అచ్చువేయవలెనని సంపాదకులను ప్రార్థించుచున్నాను. గనిలో నీరు నిండినది. ఆ మార్గమున ఇక దిగలేము. మన ఇండ్లలోని పెద్దలు ఇంకను మాటాడుచున్నారు. ఈ పండుగ సెలవులలోనే వారి ప్రక్కన కూర్చుండుడు.